నునుపు ఎంతో చెప్పే ముందు

ఐటీఐలో టర్నర్, ఫిట్టర్, మెషినిస్టు ట్రేడులు నేర్చుకునే పిల్లలకు ఏదైనా పరికరం కొనివ్వాలని తలచే దాతలు మొదట వెర్నియర్ గురించి, మైక్రోమీటర్ గురించి అడుగుతారు. ఆ పై మెట్టులో వినబడే పేరు సర్ఫేస్ రఫ్‌నెస్ టెస్టర్. చేతిలో ఇమిడే పెట్టె, దాని ముందు కంటికి ఆనని సూది మొన, తెర మీద ఒక అంకె. బటన్ నొక్కితే అంకె వచ్చేస్తుంది కనుక ఇందులో నేర్పడానికి పెద్దగా ఏమీ లేదనిపిస్తుంది. నేర్పవలసినదంతా బటన్ నొక్కక ముందే ఉంది. కొనిచ్చేవారికి కూడా ఆ సంగతి తెలిసి ఉంటే పరికరం బీరువాలో పడి ఉండకుండా పనికివస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మేము బడిలో పాఠం చెప్పేవాళ్లం. పిల్లవాడు వచ్చి "సార్, నాకు 35 వచ్చాయి" అంటే మా నోటి వెంట వచ్చే మొదటి మాట "ఎన్నింటికి?" అని. 50కి 35 అయితే వీపు తడతాం. 100కి 35 అయితే గట్టెక్కావు పో అంటాం. యంత్రం మీద తయారైన ముక్క నునుపు గురించి చెప్పే అంకె కూడా అటువంటిదే. "1.6 వచ్చింది" అని ఎవరైనా అంటే ఏ సెట్టింగు మీద 1.6 అని అడగాలి. అడగకపోతే ఆ అంకెతో మంచి ముక్కను పారెయ్యవచ్చు, చెడ్డ ముక్కను బండికి ఎక్కించవచ్చు.

అసలు నునుపు కొలవవలసిన అవసరం ఏమిటి? లేత్ మీద తిప్పిన షాఫ్టును చూస్తే మెరుస్తూ ఉంటుంది. సూక్ష్మంగా చూస్తే దాని మీదంతా దున్నిన పొలంలా చాళ్లు ఉంటాయి. ఆ చాళ్ల మిట్టపల్లాలు మిల్లీమీటరులో వెయ్యో వంతు లెక్కలో ఉంటాయి. ఆ వెయ్యో వంతునే మైక్రాన్ అంటారు. మన తల వెంట్రుక మందం 50 నుంచి 100 మైక్రాన్లు ఉంటుందనుకుంటే ఈ చాళ్లు ఎంత చిన్నవో ఊహించవచ్చు. అంత చిన్నవైనా పని చెడగొట్టగలవు. మోటారు షాఫ్టు మీద రబ్బరు ఆయిల్ సీల్ కూర్చునే చోట ఉపరితలం గరుకుగా ఉంటే సీల్ పెదవి అరిగిపోయి నూనె కారుతుంది. మరీ నున్నగా ఉన్నా ముప్పే. పెదవి కింద పలుచని నూనె పొర నిలవక రబ్బరు మాడుతుంది. అందుకే సీల్ కూర్చునే చోటికి సాధారణంగా 0.2 నుంచి 0.8 మైక్రాన్ల మధ్య అడుగుతారు. ఇంజను సిలిండరు లోపలి గోడను హోనింగ్ రాళ్లతో అడ్డదిడ్డంగా గీరి వదిలేది కూడా నూనె నిలవడానికే. అంటే ఎంత నునుపైతే అంత మంచిదనే లెక్క ఇక్కడ లేదు. పనికి తగిన నునుపు కావాలి, అది డ్రాయింగులో రాసి ఉంటుంది.

డ్రాయింగులో ఎక్కువగా కనిపించేది ఆర్‌ఏ. మిట్టపల్లాల మధ్యగా ఒక గీత ఊహించుకుని, ఆ గీత నుంచి పైకి కిందికి ఉన్న దూరాలన్నిటి సగటు తీస్తే అది ఆర్‌ఏ. పాత డ్రాయింగుల్లో అంకెకు బదులు ఎన్ 6, ఎన్ 7, ఎన్ 8 అని కూడా ఉంటుంది. ఎన్ 6 అంటే 0.8, ఎన్ 7 అంటే 1.6, ఎన్ 8 అంటే 3.2 మైక్రాన్లు. ఒక్కో మెట్టుకు రెట్టింపు. అనుభవం ఉన్న టర్నర్లు బొటనవేలి గోరును ముక్క మీద అడ్డంగా గీసి, పక్కనున్న నమూనా పలకతో పోల్చి ఇది ఏ మెట్టో దాదాపు సరిగ్గానే చెబుతారు. ఆ గోటిని తక్కువ చేసి మాట్లాడటం మాకు ఇష్టం లేదు. కానీ కొనే కంపెనీ గోటి మాటను కాగితం మీద ఒప్పుకోదు.

ఇప్పుడు పరికరం సంగతి. వజ్రపు మొన ఉన్న సూది ఉపరితలం మీద నెమ్మదిగా, సెకనుకు అర మిల్లీమీటరు లాంటి వేగంతో పాకుతూ పోతుంది. దాన్ని స్టైలస్ అంటారు. మొన పైకి కిందికి కదిలిన తీరును లోపలి ఎలక్ట్రానిక్స్ పట్టుకుంటాయి. ఇది కొత్త ఊహేమీ కాదు. ఇంగ్లండులోని లెస్టర్ పట్టణంలో టేలర్ హాబ్సన్ కంపెనీ టాలీసర్ఫ్ అనే పరికరాన్ని 1941లోనే తయారు చేసింది. అప్పుడు గది మూలలో బల్లంత ఉన్నది ఇప్పుడు జేబులోకి వచ్చింది, అంతే.

సూది పట్టుకున్న గీతలో రెండు రకాల ఎత్తుపల్లాలు కలిసి ఉంటాయి. శ్రీశైలం ఘాట్ రోడ్డును తలచుకోండి. ఆ రోడ్డు మీద గుంతలు ఎంత లోతున్నాయో కొలిచి రమ్మని ఎవరినైనా పంపితే, అతడు కొండ ఎత్తును కూడా గుంతల్లో కలిపి రాసుకొస్తే నవ్వుతాం. కొండ ఎక్కి దిగడం వేరు, గుంత వేరు. ముక్క మీద కూడా అంతే. యంత్రం అదరడం వల్లో, ముక్క వంగడం వల్లో వచ్చే పొడవాటి అలలు ఒకటి. వాటిని వేవీనెస్ అంటారు. టూల్ మొన చేసిన దగ్గర దగ్గర చాళ్లు మరొకటి. అదే రఫ్‌నెస్. ఎంత వెడల్పు వరకు గుంత, ఎంత దాటితే కొండ అని పరికరానికి మనం చెప్పాలి. ఆ హద్దు పేరే కటాఫ్. పరికరంలో ఇది 0.08, 0.25, 0.8, 2.5, 8 మిల్లీమీటర్లు అని మెట్లుగా ఉంటుంది. ఈ అంకెలు ఇలా విడ్డూరంగా ఎందుకున్నాయంటే కొంత అంగుళాల కాలం నాటి వారసత్వం. అప్పటి 0.03 అంగుళమే ఇప్పటి 0.8 మిల్లీమీటరు.

హద్దు అన్నామని అది గోడలాంటిదనుకోకూడదు. కటాఫ్‌తో సమానమైన వెడల్పున్న అల సగమే లెక్కలోకి వస్తుంది. దానికంటే ఇరుకు చాళ్లు ఎక్కువగా, వెడల్పు చాళ్లు తక్కువగా వస్తాయి. జల్లెడ కన్ను మార్చితే కింద పడే పిండి మారినట్టు కటాఫ్ మార్చితే అంకె మారుతుంది.

ఎంత మారుతుంది అనే దానికి ఒక ఉదాహరణ లెక్క వేసి చూపిస్తాం, ఎందుకంటే తగాదాలు వచ్చేది ఇక్కడే. లేత్ మీద ఒక షాఫ్టును చుట్టుకు 0.3 మిల్లీమీటరు ఫీడుతో తిప్పారనుకుందాం. టూల్ మొన గుండ్రం వ్యాసార్థం 0.8 మిల్లీమీటరు. ఫీడును ఫీడుతోనే గుణిస్తే 0.09. దాన్ని 0.8తో భాగించి, మళ్లీ సుమారు 31తో భాగిస్తే ఆదర్శ పరిస్థితిలో రావలసిన ఆర్‌ఏ దొరుకుతుంది. దాదాపు 3.6 మైక్రాన్లు. డ్రాయింగులో 3.2 దాటకూడదని ఉందనుకోండి, ఈ ముక్క చెల్లదు. కటాఫ్ 0.8 పెట్టి కొలిస్తే పరికరం కూడా 3.6 దగ్గరే చూపుతుంది. అదే పరికరం, అదే ముక్క, అదే చోటు, కటాఫ్ మాత్రం 0.25కి తిప్పండి. చాళ్ల మధ్య ఎడం 0.3, హద్దు 0.25. చాళ్లే హద్దు దాటి కొండల లెక్కలోకి పోయాయి కనుక వాటి ఎత్తులో పెద్ద భాగం మాయమవుతుంది. తెర మీద సగం కంటే తక్కువ, 1.6 చుట్టుపక్కల అంకె వస్తుంది. చెల్లని ముక్క భేషుగ్గా చెల్లిపోయింది.

ఇందులో అబద్ధం ఆడినవారు ఎవరూ లేరు. షెడ్డులో కొలిచిన కుర్రవాడు చూసింది రాశాడు. కొనే కంపెనీ ఇన్‌స్పెక్షనులో కొలిచినవారూ చూసింది రాశారు. బాలానగర్, జీడిమెట్ల వంటి చోట్ల చిన్న షెడ్డు నడిపేవారికి ఒక లాటు వెనక్కి వస్తే ఆ నెల జీతాలు ఆగే పరిస్థితి. అప్పుడు మాట పడేది లేత్ మీద నిలబడినవాడు. పరికరం కొనిచ్చినవారు, పని నేర్పినవారు, పని చేసినవాడు అందరూ సరిగ్గానే ఉండి కూడా నష్టం జరిగే దారి ఇది. అందుకే దీనిమీద ఇంత రాస్తున్నాం.

మరి ఏ కటాఫ్ పెట్టాలో ఎలా తెలుస్తుంది? మొదట చూడవలసింది ముక్క ఏ యంత్రం మీద తయారైందన్నది. లేత్, షేపర్ వంటి వాటిపై చాళ్లు ఒకే ఎడంతో క్రమంగా వస్తాయి. అటువంటి వాటికి ఎడాన్ని బట్టి ఎంచుకోవాలి. ఐఎస్ఓ 4288 అనే 1996 నాటి ప్రమాణంలోని పట్టిక ప్రకారం ఎడం 0.04 నుంచి 0.13 వరకు ఉంటే 0.25, 0.13 నుంచి 0.4 వరకు ఉంటే 0.8, 0.4 నుంచి 1.3 వరకు ఉంటే 2.5. ఫీడు ఎంతో టర్నరుకు తెలుసు కనుక ఇది ఎంచుకోవడం తేలిక. పై ఉదాహరణలో ఫీడు 0.3 గనుక 0.8 సరైనది. కొలిచేవాడు వెళ్లి తిప్పినవాణ్ణి "ఫీడు ఎంత పెట్టావు భాయ్?" అని అడిగితే పని సగం అయిపోయినట్టే.

గ్రైండింగ్, హోనింగ్, లాపింగ్ చేసిన ముక్కల మీద గీతలు చిందరవందరగా ఉంటాయి. అక్కడ ఎడం అంటూ ఒకటి ఉండదు. వాటికి ఆర్‌ఏ విలువను బట్టే ఎంచుకోవాలి. 0.02 నుంచి 0.1 మైక్రాన్ వరకు 0.25 కటాఫ్, 0.1 నుంచి 2 వరకు 0.8, 2 నుంచి 10 వరకు 2.5, ఆపై 80 వరకు 8. ఇక్కడ పిల్లలకు వెంటనే ఒక సందేహం వస్తుంది, రావాలి కూడా. ఆర్‌ఏ ఎంతో తెలుసుకోవడానికే కదా కొలుస్తున్నాం, అది ముందే తెలిస్తే కొలవడం ఎందుకు? దీనికి జవాబు కూరలో ఉప్పు చూసినట్టు. చూపుతోనో, నమూనా పలకతోనో ముందు ఒక అంచనా వేసుకుని, ఆ అంచనాకు తగిన కటాఫ్‌తో కొలవాలి. వచ్చిన విలువ అదే వరుసలో ఉంటే సరే. వేరే వరుసలో పడితే ఆ వరుస కటాఫ్ పెట్టి మళ్లీ కొలవాలి. ఒకటి రెండు సార్లలో కుదురుతుంది. మామూలు షెడ్డు పనిలో చాలా ముక్కలు 0.8లోనే ఇముడుతాయి. పరికరం కూడా సాధారణంగా 0.8తోనే తెరుచుకుంటుంది. ఆ సౌకర్యమే అలవాటై, అసలు ఆ మీట ఉందన్న సంగతే మరిచిపోతారు.

2021లో ఐఎస్ఓ 21920 అనే కొత్త ప్రమాణం వచ్చి పాతదాని స్థానం తీసుకుంది. అందులో సెట్టింగును డ్రాయింగులో అడిగిన విలువను బట్టే నిర్ణయించుకోవచ్చు కనుక ముందుకు వెనక్కు తిరిగే పని తగ్గింది. అయితే మన షెడ్లకు వచ్చే డ్రాయింగుల్లో చాలావరకు పాతవే. వాటిని పాత పద్ధతిలోనే చదవాలి. అసలు డ్రాయింగు మీద కటాఫ్ రాసి ఉంటే ఏ పట్టికా అవసరం లేదు. రాసినదే చెల్లుతుంది.

కటాఫ్ తర్వాత చూడవలసింది సూది ఎంత దూరం పాకాలన్నది. మామూలుగా కటాఫ్‌కు ఐదు రెట్లు. 0.8కి 4 మిల్లీమీటర్లు, 2.5కి 12.5. సూది కదలడం మొదలయ్యేటప్పుడు, ఆగేటప్పుడు కొంత దూరం లెక్కలోకి రాదు కనుక నిజానికి ఇంకొంచెం ఎక్కువ చోటు కావాలి. ఇక్కడ చిన్న ముక్కలతో చిక్కు. షాఫ్టు మీద 3 మిల్లీమీటర్ల మెట్టు ఉంటే ఐదు ముక్కల దూరం ఎక్కడిది? అప్పుడు కటాఫ్ తగ్గించాలనిపిస్తుంది. అది పొరపాటు, ఎందుకో పైన చూశాం. కటాఫ్ అలాగే ఉంచి ఐదుకు బదులు మూడో, రెండో తీసుకుని, ఆ సంగతి అంకె పక్కన రాయాలి. తక్కువ దూరం మీద తీసిన సగటు కొంచెం అటూ ఇటూ ఊగుతుంది కనుక రెండు మూడు చోట్ల కొలవడం మేలు.

దిశ సంగతి చెప్పకపోతే ఎంత జాగ్రత్తా వృథా. సూది చాళ్లకు అడ్డంగా పోవాలి. చాలులోనే నిలువునా నడిస్తే పల్లం అడుగునే చూసుకుంటూ పోతుంది, మిట్ట ఎదురే కాదు. షాఫ్టు మీద చాళ్లు చుట్టూ ఉంటాయి కనుక సూది షాఫ్టు పొడుగునా నడవాలి. గీతలు ఎటున్నాయో తెలియని ముక్క అయితే రెండు మూడు దిశల్లో కొలిచి పెద్దది తీసుకోవాలి.

సూది మొన కూడా పూర్తిగా సూది కాదు. 2 మైక్రాన్లు, 5 మైక్రాన్ల వ్యాసార్థంతో గుండ్రంగా ఉంటుంది. 0.8 వరకు కటాఫ్‌కు 2 మైక్రాన్ల మొన, 2.5కి 5 మైక్రాన్ల మొన వాడటం మామూలు. మొద్దు మొన ఇరుకు పల్లంలోకి దిగలేదు కనుక ఉన్నదాని కంటే నున్నగా చూపుతుంది. అరిగిన మొన చేసే మోసమూ ఇదే, నెలనెలా కొద్దికొద్దిగా అన్ని ముక్కలూ బాగుపడినట్టు కనిపిస్తాయి. ఉపరితలం అంతకంతకూ బాగుందని పరికరం చెబుతూ ఉంటే మొదట సంతోషించకుండా మొనను అనుమానించమని మేము చెబుతాం.

దీన్ని పట్టుకోవడానికే పరికరంతోపాటు ఒక నమూనా పలక వస్తుంది. దాని మీద తెలిసిన గరుకుతనం చెక్కి, విలువ రాసి ఉంటుంది. చాలా పలకల మీద అది 3 మైక్రాన్లకు దగ్గరగా ఉంటుంది. రోజూ పని మొదలుపెట్టే ముందు పలక మీద, పలక చెప్పిన సెట్టింగుతోనే ఒకసారి కొలిచి విలువ సరిపోతోందా చూడాలి. అయితే ఆ పలక మీది చాళ్లు వెడల్పుగా ఉంటాయి కనుక మొద్దుబారిన మొన కూడా అందులోకి దిగిపోతుంది. మొన అరుగుదల తెలియాలంటే 0.4 మైక్రాన్ లాంటి సన్నని చాళ్లున్న పలక కూడా ఉండాలి. కొన్ని పలకల మీద రెండూ పక్కపక్కనే ఉంటాయి. కొనేటప్పుడు అటువంటిదే అడగండి.

ఆర్‌ఏ పక్కన ఆర్‌జెడ్ అని మరొకటి అడిగే డ్రాయింగులు ఉంటాయి. అది సగటు దూరం కాదు. ఒక్కో కటాఫ్ పొడవులో అన్నిటికంటే ఎత్తైన మిట్ట నుంచి లోతైన పల్లం వరకు తీసి, ఐదింటి సగటు వేస్తారు. సగటులో దాగిపోయే ఒక్క లోతైన గీత ఇందులో బయటపడుతుంది. ఆర్‌జెడ్‌ను నాలుగుతో భాగిస్తే ఆర్‌ఏ వస్తుందని కొందరు చెప్పే చిట్కాను నమ్మవద్దు, ముక్కను బట్టి ఆ నిష్పత్తి చాలా మారుతుంది. పైగా పాత ప్రమాణాల్లో ఆర్‌జెడ్ అంటే ఐదు మిట్టలు, ఐదు పల్లాల లెక్క. పేరు ఒకటే, అర్థాలు రెండు.

ఇక చెల్లుతుందా లేదా అనే తీర్పు. డ్రాయింగులో 1.6 అని ఉంటే ఎక్కడ కొలిచినా 1.6 దాటకూడదనా? పాత ప్రమాణం ప్రకారం ఇంకేమీ రాయకపోతే 16 శాతం నియమం. కొలిచిన విలువల్లో నూటికి పదహారుకు మించి దాటకపోతే ముక్క చెల్లుతుంది. మొదటి కొలతే హద్దులో 70 శాతం లోపు ఉంటే అక్కడితో ఆపవచ్చు. లేకపోతే మొదటి మూడూ హద్దులో ఉండాలి, లేదా ఆరింటిలో ఒకటి, పన్నెండింటిలో రెండు దాటినా ఫర్వాలేదు. డ్రాయింగులో గుర్తు పక్కన మ్యాక్స్ అని ఉంటే మాత్రం ఒక్కటీ దాటకూడదు. కొత్త ప్రమాణంలో ఇది తారుమారైంది. ఏమీ రాయకపోతే ఒక్కటీ దాటకూడదనే అర్థం. కాబట్టి ముక్క పట్టుకోక ముందే డ్రాయింగు ఏ సంవత్సరపు ప్రమాణాన్ని పేర్కొంటోందో చూడాలి. లాటు వెనక్కి వచ్చాక ఈ పాయింటు తీసి వాదించడం కంటే ఆర్డరు తీసుకునేటప్పుడే కొనేవారి చేత ప్రమాణం, కటాఫ్ రెండూ రాయించుకోవడం చిన్న షెడ్డుకు క్షేమం.

ఇప్పుడు దాతలకు ఒక మాట. పరికరం కొనిచ్చేటప్పుడు పెట్టె ఒక్కటే బిల్లులో ఉంటే చాలదు. నమూనా పలక, దాని కాలిబ్రేషన్ సర్టిఫికెట్, ఒక అదనపు స్టైలస్, షాఫ్టు దొర్లిపోకుండా నిలిపే వి-బ్లాకు, ఇవి కూడా ఉండాలి. ఏడాదికోసారి కాలిబ్రేషన్‌కు పంపే ఖర్చు ఎవరు పెడతారో మొదటి రోజే తేల్చుకోవాలి. పెట్టే చోటు కూడా చూడండి. పక్కనే కంప్రెసరు గడగడలాడుతుంటే 0.1 మైక్రాన్ కొలతకు అర్థం ఉండదు. చూపించడానికి ప్రారంభోత్సవం రోజున ఏదో ఒక ముక్క మీద సూది నడిపి చప్పట్లు కొట్టే బదులు, ఒకే ముక్కను 0.25తో, 0.8తో పిల్లల చేతనే కొలిపించి రెండు అంకెలూ బోర్డు మీద రాయించండి. ఎందుకు మారిందో వాళ్లే అడుగుతారు.

రికార్డు పుస్తకం కూడా మీరే అచ్చు వేయించి ఇస్తే ఇంకా మంచిది. అందులో అంకె కోసం ఒక్క గడి ఉంటే పిల్లలు అంకె ఒక్కటే రాస్తారు. గడులు ఎక్కువ ఉంటే నింపడం కోసమైనా ఆలోచిస్తారు. ఒక వరుస ఇలా ఉండాలి: షాఫ్టు, సీల్ కూర్చునే చోటు, గ్రైండింగ్, ఆర్‌ఏ 0.42 మైక్రాన్, కటాఫ్ 0.8, దూరం 4 మిల్లీమీటర్లు, మొన 2 మైక్రాన్లు, షాఫ్టు పొడుగునా, మూడు చోట్ల, ఉదయం పలక మీద సరిచూశాం, కొలిచినవారి సంతకం.